పెరుగు తింటే తరుగుతామా?

తెలుగు మాస్టర్లకు ఒక జబ్బు వుంటుంది. సందర్భం వున్నా లేకపోయినా ఒక కావ్యపదం విసరందే తోచదు. ఆ జబ్బు మా యింట్లో ఎంత పని చేసిందో చెబుతాను, వినండి.

మొన్న మాఘమాసంలో మా అన్నయ్యగారి అమ్మాయి పెళ్ళి జరిగింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి పట్టుచీర కట్టుకుని పందిట్లోకి వస్తూవుంటే, నలుగురి మధ్యా కూర్చున్న నేను, "అదుగో, మా గజగమన వస్తోంది!" అన్నాను. పూర్వకవులు ఆ మాటను నడకలోని ఠీవికి వాడారు. పందిట్లో వాళ్ళకి మాత్రం ఏనుగొక్కటే కనిపించింది. అందరూ నవ్వారు. అమ్మాయీ నవ్వింది. నిజంగానే నవ్విందనుకున్నాను.

మరో పదిహేను రోజులకు మా అమ్మ, "ఏరా, పిల్ల రాత్రిపూట అన్నం ముట్టడం లేదు, గమనించావా?" అంది. లేదు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఫ్రిజ్ తెరిచి చూస్తే చిట్టి చిట్టి సీసాలు వరసగా నుంచుని వున్నాయి. వాటిలో పుల్లటి పాల పానీయం. అందులోని మంచి బాక్టీరియా కడుపులోకి వెళ్ళి కొవ్వు కరిగిస్తుందని ఎవరో వీడియోలో చెప్పారట. పొద్దున ఒక సీసా, రాత్రి ఒక సీసా, మధ్యలో రెండు ఇడ్లీలు. అదీ మా పిల్ల భోజనం.

ఒకనాడు ఉదయం కాచిగూడ స్టేషనులో, మేమిద్దరం రోజూ ఎక్కే లోకల్ రైలు కోసం నుంచుని వుండగా, అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు నీళ్ళు చల్లారు. డాక్టరుగారు అన్నీ చూసి, "బరువు ఒకటి రెండు కిలోలు ఎక్కువైతే అయివుండవచ్చు. కాని యిప్పుడు పడిపోయింది మాత్రం ఆకలితో, మాస్టారూ" అన్నారు. లోటు లేని యింట్లో పిల్ల ఆకలితో పడిపోవడమా! నా తల కొట్టేసినట్లయింది.

మర్నాడు కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి కాంటీనుకి లాక్కుపోయి, "పెరుగు తింటే తరుగుతామా?" అని అడిగాను.

"ఈ ఆశ యివాళ్టిది కాదండీ" అన్నాడాయన. "పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెచ్నికోఫ్ అనే మహాశాస్త్రజ్ఞుడు వుండేవాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. పులిసిన పాలలోని క్రిములు ముసలితనాన్ని వెనక్కి నెడతాయని ఆయన నమ్మాడు. ఆయన మాత్రం 71వ ఏట 1916లో పోయాడు."

"అయితే ఆ క్రిములకూ లావుకూ సంబంధం లేదన్నమాట!"

"తొందరపడకండి. మన ఒంట్లో మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు వుంటే, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు వున్నాయని 2016లో లెక్కకట్టారు. అన్నీ కలిపి తూచితే పావుకిలో కూడా వుండవు. ఎక్కువ భాగం పెద్దపేగులోనే కాపురం. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో జెఫ్రీ గోర్డన్ బృందం, ఒంట్లో ఒక్క క్రిమి కూడా లేకుండా పెంచిన చిట్టెలుకలకు మామూలు చిట్టెలుకల పేగుల్లోని బాక్టీరియాను ఎక్కించింది. అవి మునుపటికంటె తక్కువే తిన్నాయి. అయినా రెండు వారాల్లో ఒంటి కొవ్వు 60 శాతం దాకా పెరిగింది. యిది 2004 నాటి మాట."

నేను నోరు తెరిచాను. ఆయన టీ చప్పరించి అసలు సంగతికి వచ్చాడు. 2013లో అదే బృందం, ఒకరు లావుగా మరొకరు సన్నగా వున్న కవలలను ఎంచుకుని, వారి పేగుల్లోని బాక్టీరియాను చిట్టెలుకలకు ఎక్కించిందట. లావుపాటివారి బాక్టీరియా అందుకున్నవి కొవ్వు పట్టాయి. రెండు రకాలనూ ఒకే బోనులో వుంచితే, సన్నటివారి బాక్టీరియా వీటిలోకీ చేరి కొవ్వు పట్టకుండా ఆపింది. చిట్టెలుకలకు ఒకదాని పెంటికలు ఒకటి తినే అలవాటుంది లెండి. భోజనం చేస్తూ చదువుతున్నవారు మన్నించాలి.

"కాని ఆ మేలు ఎప్పుడు జరిగిందనుకున్నారు? కొవ్వు తక్కువగా, పళ్ళూ కూరగాయలూ ఎక్కువగా వున్న తిండి పెట్టినప్పుడు మాత్రమే. తిండి మారిస్తే మంచి బాక్టీరియా నిలదొక్కుకోలేదు. వాటికి కావలసింది మనకు అరగని పీచు. దాన్ని పులియబెట్టి పేగుగోడలకు ఆహారం తయారుచేస్తాయి. పప్పూ, తోటకూరా, చిక్కుడుకాయా, జొన్నరొట్టే లేకుండా సీసా ఒక్కటే తాగడమంటే, పాలు లేని గిన్నెలో తోడు వేయడమే."

ఆ మాట నాకు బాగా అందింది. పెరుగు వల్ల లాభం లేదని కాదు. పాలు పడనివారికి కూడా పెరుగు పడటానికి కారణం అందులోని బాక్టీరియానే. మేలు చేస్తుందని రుజువైన బాక్టీరియాను తగినంత మోతాదులో యిస్తేనే అది ప్రోబయోటిక్ అని ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. బరువు విషయంలో మాత్రం మనుషుల మీద జరిగిన కొన్ని పరీక్షల్లో కాస్త తగ్గుదల కనిపించింది, మరికొన్నిటిలో అదీ లేదు. యింటికి వచ్చి ఆ సీసా మీది కాగితం చదివితే, బాక్టీరియా పేరు పక్కనే చక్కెర కూడా దర్శనమిచ్చింది.

లేచేముందు మిత్రుడు, "తార్నాకలో మన పక్కనే వున్న లావు ఎలుకల కథ విన్నారా?" అన్నాడు. జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందునుంచి ఎన్ని వందలసార్లు వెళ్ళానో! 1918లో కూనూరులో ఒక్క గదిలో పుట్టి, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో యిప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. ఏళ్ళ తరబడి అక్కడ పెంచుతూ వచ్చిన ఎలుకల సంతతిలో 1996లో అసాధారణంగా లావెక్కేవి కొన్ని బయటపడ్డాయి. వాటిలో కిలో దాటినవీ వున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల, కడుపు నిండిందని కొవ్వు పంపే కబురు వాటి మెదడుకు అందదు. అవి తింటూనే వుంటాయి. శాస్త్రజ్ఞులు వాటిని తిండిపోతులని వెక్కిరించలేదు. కారణం ఏమిటా అని వెతికారు.

ఒక ఎలుకకు దక్కిన మర్యాద నా కూతురికి నా దగ్గర దక్కలేదు గదా అనిపించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణాలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువువారే. వారందరినీ పందిట్లో నిలబెట్టి నవ్వితే ఎవరి బరువు తగ్గుతుంది?

ఆ రాత్రి అమ్మాయి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "ఆ మాట అనకుండా వుండవలసింది. తప్పు నాదేనమ్మా" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "క్లాసులో చెప్పేటప్పుడైనా ముందు అర్థం చెప్పు, నాన్నా" అంది. కంచం దగ్గరికి లాక్కుంది.

యిప్పుడు మా కంచాల్లో సగం కూరలూ ఆకుకూరలూ పళ్ళూ. పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. చివర మా అమ్మ తోడుపెట్టిన పెరుగు. సాయంత్రాలు నేనూ అమ్మాయీ విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్లకింద మైలుదూరం నడిచి మరీ రైలెక్కుతున్నాం. కంచంలోనూ నడకలోనూ ఆమెతోబాటు నేనూ వున్నాను. నా పొట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు గాని, అదీ తక్కువదేమీ కాదు.

ఎవరు ఎంత తగ్గారని మాత్రం అడగకండి. మా యింట్లో ఆ ప్రశ్న వెయ్యకూడదని ఒక నియమం పెట్టుకున్నాం.