మణికట్టు చెప్పిన మాట

గత మాసమున ఈ శీర్షిక క్రింద బాలికల వ్యాయామమును గూర్చి మేము వ్రాయగా, పలువురు సోదరీమణులు జాబులు వ్రాసిరి. వానిలో పెక్కు జాబులు అడిగిన ప్రశ్న ఒక్కటియే. ఆటలాడు పిల్లకు కాలో చేయో చెడి, అంతటితో ఆట ఆగిపోయినచో, అంతవరకు పడిన శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరు కాదా? దానికంటె పిల్లను ఇంటిపట్టున ఉంచుటయే మేలు కాదా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి మా సొంత మాటలతో బదులు చెప్పుటకంటె, మన తెలుగునాట పెరిగిన ఒక టెన్నిసు క్రీడాకారిణి చరిత్రమును చెప్పుట మంచిదని తోచినది.

సానియా మీర్జా 1986వ సంవత్సరమున బొంబాయిలో జన్మించి, హైదరాబాదున పెరిగెను. ఆరేండ్ల ప్రాయముననే బ్యాటు పట్టెను. 2003లో వింబుల్డనున బాలికల జంట ఆటలో విజయము పొందెను. 2005లో హైదరాబాదుననే జరిగిన అంతర్జాతీయ మహిళా పోటీలో సింగిల్సు బిరుదును గెలిచి, అట్టి బిరుదును పొందిన మొదటి భారత స్త్రీ యయ్యెను. ఆ యేడే అమెరికా పోటీలో నాలుగవ సుట్టు వరకు సాగెను. 2007లో ఒంటరి ఆటలో ప్రపంచమున 27వ స్థానమునకు చేరెను. మన దేశపు స్త్రీ మరియెవ్వతెయు ఆ మెట్టు ఎక్కి యుండలేదు. అప్పటికి ఆమె వయస్సు ఇరువది యేండ్లు.

ఇంతలో దేహము అడ్డము తిరిగెను. టెన్నిసు బ్యాటు బరువు మూడు వందల గ్రాములకు అటునిటుగ నుండును. అది పెద్ద బరువు కాదు. కాని వేగముగ వచ్చు బంతిని దినమునకు వందలకొలది మారులు అదే చేతితో, అదే విసరుతో తిప్పికొట్టవలెను. ప్రతి దెబ్బయు మణికట్టులోని సన్నని నరములను, కీలును అదరగొట్టును. ఒక్క దెబ్బకు ఏమియు కాదు. ఏండ్ల తరబడి కూడిన దెబ్బలకు కీలు అరుగును, వాపు నిలిచిపోవును. సానియా బలమంతయు ఆమె ముంజేతి విసరులో నుండెను. ఏ చేయి ఆమెకు పేరు తెచ్చెనో, ఆ చేయియే మొదట మొరపెట్టెను. రెండు మోకాళ్లకు, కుడి మణికట్టునకు, మొత్తము మూడు శస్త్రచికిత్సలు ఆమెకు జరిగినవి.

2008లో మణికట్టునకు చికిత్స జరిగిన పిమ్మట ఆమె బీజింగు ఒలింపిక్సునకు వెళ్లెను. నొప్పి తాళజాలక మొదటి పోటీనే నడుమ విడిచి రావలసి వచ్చెను. తరువాతి నెలలను గూర్చి ఆమెయే తరువాత దాపరికము లేక చెప్పియున్నది. తల దువ్వుకొనుటకు సైతము చేయి లేవని దినములవి. మరల ఆడజాలనను దిగులుతో, కారణము లేకయే కన్నీరు వచ్చెడిదట. భోజనమునకు గది విడిచి వచ్చుటకు సైతము మనసొప్పెడిది కాదట. ఈ మాటలు చదివినప్పుడు మా మనస్సు కలతపడినది. గెలుపులకు జేజేలు కొట్టిన లోకమునకు ఆ గది తలుపు కానరాదు గదా!

అయినను కథ ఆ గదిలో ముగియలేదు. కొలది నెలలకే, 2009 ఆరంభమున, మహేశ్ భూపతితో కూడి ఆస్ట్రేలియాలో మిశ్రమ జంటల బిరుదును గెలిచెను. కొన్నేండ్లు ఒంటరి ఆటను, జంట ఆటను రెండింటిని మోసెను. కాని మణికట్టు ఆ భారమునకు ఒప్పలేదు. తుదకు 2013లో ఒంటరి ఆటను పూర్తిగా మానుకొనెను.

ఇచట ఒక సూక్ష్మము గమనింపుడు. ఒంటరి ఆటకు ఆటస్థలపు వెడల్పు 27 అడుగులు. జంట ఆటకు 36 అడుగులు. ఒంటరి ఆటలో 27 అడుగులను ఒక్కతెయే కాపాడవలెను. జంట ఆటలో 36 అడుగులను ఇద్దరు పంచుకొందురు. పరుగు తగ్గును, కొట్టవలసిన దెబ్బల సంఖ్యయు తగ్గును. నేర్చిన విద్య వృథా పోదు. దేహము మోయగలిగినంత బరువే దేహముపై పడును. సానియా ఈ లెక్క గ్రహించి త్రోవ మార్చెను. 2015 ఏప్రిల్ 13న జంట ఆటలో ప్రపంచమున ప్రథమ స్థానము పొందెను. మార్టినా హింగిస్‌తో కూడి ఆ యేడు వింబుల్డనును, అమెరికా బిరుదును, మరుసటి యేడు ఆస్ట్రేలియా బిరుదును గెలిచెను. వారిద్దరు వరుసగా 41 పోటీలలో ఓటమి యెరుగరు. 27వ స్థానమున ఆగిన ఒంటరి ఆటకు ఈ ఫలము తీసిపోవునా? అయినను, గాయములు లేకున్న ఒంటరి ఆటలో ఆమె ఎంత ఎత్తునకు పోయెడిదో యను ప్రశ్న మిగిలియే యున్నది. దానిని కప్పిపుచ్చుట న్యాయము కాదు.

2018లో ఆమెకు కుమారుడు కలిగెను. 2020లో మరల బరిలోనికి దిగి, మొదటి పోటీలోనే జంట బిరుదు నందుకొనెను. 2022లో ఆట చాలించ నెంచగా మోచేతికి గాయమయ్యెను. గాయము తన్ను పంపివేయుటకు వీలులేదని, తాను పోవు దినమును తానే నిర్ణయించుకొందునని ఆమె తలచి, కోలుకొని, 2023 ఫిబ్రవరిలో దుబాయిలో తుది పోటీ ఆడి విరమించెను. ఆ పోటీలో ఆమె ఓడెను. అయినను ఆ విరమణ ఆమె చేతిలోనిదే.

ఇది హైదరాబాదు మాట, కలవారి ఆట, మనకేల యని యెవరైన అనవచ్చును. మా శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున 240 కిలోల బరువెత్తి కంచు పతకమును తెచ్చెను. ఒలింపిక్సు పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆమెయే. 2004లో ఏథెన్సున నడుము నొప్పి అడ్డుపడగా ఆమె పోటీని ముగింపలేకపోయెను. దేహము చెప్పు మాట పట్టణమునకును పల్లెకును ఒక్కటియే.

అంతయేల, మన వంటయిండ్లనే చూడుడు. చంటిబిడ్డను మాటిమాటికి ఎత్తుకొను బాలింతలకు బొటనవ్రేలి మొదట, మణికట్టు ప్రక్కను నొప్పి పుట్టుట వైద్యులకు మిక్కిలి పరిచితమైన రోగము. పిండి రుబ్బుట, బట్టలు పిడుచుట, బిందె లెత్తుట దానిని పెంచును. మనము దానిని ఎవరికిని చెప్పము. చెప్పినచో పని ఎగవేతకని అందురేమోయను జంకు. నెలలు గడచి, గిన్నె జారిపడినప్పుడుగాని వైద్యునికడకు పోము. మొదటనే కొన్నాళ్లు విశ్రాంతి యిచ్చి, కదలకుండ పట్టీ కట్టినచో అనేకులకు శస్త్రచికిత్స యవసరమే కలుగదు. బెణికిన కాలికిని ఇంతే. మొదటి రెండు మూడు దినములు మర్దనము చేయరాదు. బట్టలో చుట్టిన మంచుగడ్డను కొంచెముసేపు పెట్టి, మెత్తని పట్టీ చుట్టి, కాలిని ఎత్తుగ నుంచవలెను. కాలు మోపజాలకున్నను, ఎముక వంకర కనబడినను ఆలస్యము చేయక వైద్యశాలకు తీసికొని పోవలెను.

ఇక జాబులలోని ప్రశ్నకు మా బదులు. ఆడిన పిల్లకు దెబ్బ తగులవచ్చును. మా యూరి ఉన్నత పాఠశాలలో ఖోఖో ఆడుచు ఒక బాలికకు చీలమండ బెణికినది. మూడు వారములలో కాలు బాగుపడినది. కాని ఇంటివారు ఆనాటినుండి ఆమెను మైదానమునకు పంపలేదు. ఆమె ఆటను ఆపినది బెణుకా, మనమా? దెబ్బ తగిలిన పిల్లను నెలరోజులు కూర్చుండబెట్టుట వైద్యము. జన్మాంతము కూర్చుండబెట్టుట మన భయము.

మా శ్రీకూర్మనాథుని కోవెలలో పెంచు తాబేళ్లను యాత్రకు వచ్చినవారు చూచియే యుందురు. తట్టినచో కాళ్లను, తలను లోనికి ముడుచుకొనును. ఆ తట్టిన చేయి తొలగిన పిమ్మట మరల బయటపెట్టి నడచును. ముడుచుకొనుటయు, మరల నడచుటయు రెండును దానికి తెలియును.

కావున సోదరీమణులారా, పిల్ల నొప్పి యని చెప్పినప్పుడు, నటనయని కసరక, ఇక చాలునని ఆటను మాన్పింపక, ఎచట నొప్పియో, ఎప్పటినుండియో అడుగుడు. బాగుపడిన పిమ్మట, మరల ఆడెదవా యని దానినే అడుగుడు. ఆ రెండు ప్రశ్నలును మనలను మనమును అడిగికొనదగినవే. మీ మణికట్టు సంగతి ఈ మాసమున ఒకరితోనైనను చెప్పుడు.