సారం ఎవరి సొత్తు?

వస్తువు ప్రధానమా, రూపం ప్రధానమా అన్న వాదం మన సభలకు కొత్త కాదు. ఈ మధ్య ఒక గోష్ఠిలో ఒక మిత్రులు ఆ వాదంలోకి ఏకంగా ఒక గూడ్సు వాగనును నడిపించుకొచ్చారు. అమెరికా సుప్రీంకోర్టు 1853లో ఒక బొగ్గు వాగను తగాదాలో, రూపాన్ని దాటి సారాన్ని చూడాలని తీర్పు చెప్పిందట. బూర్జువా న్యాయస్థానమే ఒప్పుకున్న సత్యాన్ని మన రూపవాదులు ఒప్పుకోరేమని వారి ప్రశ్న. అంతటితో ఆగక, నిరుపేద ఆవిష్కర్త బుద్ధిశ్రమను దొంగల బారినుండి కాపాడిన తీర్పు అది అని కూడ అన్నారు. చప్పట్లు మోగినాయి. నేనూ కొట్టినవాణ్నే. ఆ తీర్పును తెప్పించి చదివిన తర్వాత, నా వంతు చప్పట్లను వెనక్కు తీసుకోక తప్పలేదు.

తగాదా ఇదీ. బాల్టిమోరు నగరంలో రైలింజన్లు తయారుచేసే రాస్ వైనన్స్ 1847లో బొగ్గు వాగనుకు ఒక పేటెంటు పొందాడు. నలుచదరపు పెట్టెలో బొగ్గు పోస్తే దాని బరువు పక్క గోడలను బయటికి నెడుతుంది. గోడ నడుమ ఉబ్బుతుంది. ఉబ్బకుండ ఉండాలంటే మందపాటి గోడలు, అడ్డకమ్ములు కావాలి. అనగా వాగను బొగ్గు కంటె ముందు తన ఒళ్ళు తాను మోసుకోవాలి. వైనన్స్ వాగను గుండ్రంగా ఉండి, కిందికి పోనుపోను సన్నబడుతుంది. కొన కోసేసిన శంకువు వంటిది. గుండ్రని గోడ మీద ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది గనుక పలుచని గోడ చాలు. సన్నని అడుగుభాగం చట్రంలోకి, ఇరుసుల మధ్యకు దిగుతుంది గనుక బరువు నేలకు దగ్గరై వాగను నిలకడగా పోతుంది. మంచి ఆలోచనే, కాదనను. కాని గాదెను పలకలుగా ఎందుకు అల్లవని మన పల్లెలో వెదురు గాదె అల్లేవాణ్ని అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటాడు.

డెన్‌మీడ్ కుటుంబంవారు ఎనిమిది పలకల వాగన్లు కట్టారు. పైభాగం అష్టభుజి, కిందిభాగం ఎనిమిది పలకలతోనే సన్నబడుతుంది. వైనన్స్ దావా వేశాడు. పేటెంటు శంకువుకు మాత్రమే పరిమితమనీ, ఎనిమిది పలకల వాగను దాని కిందికి రాదనీ కింది కోర్టు న్యాయమూర్తి చెప్పగా, జ్యూరీ ప్రతివాదుల పక్షాన నిలిచింది. సుప్రీంకోర్టులో అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. అయిదుగురి తరపున జస్టిస్ బెంజమిన్ కర్టిస్ చెప్పిన తర్కమే మన మిత్రులకు నచ్చినది: రూపమూ సారమూ విడదీయరానివైతే రూపం చూస్తే చాలు, సారాన్నంతా వేరే రూపంలోకి ఎత్తుకుపోగల చోట మాత్రం రూపాన్ని చీల్చుకొని సారాన్ని చూడవలసిన బాధ్యత న్యాయస్థానానిది. ఏ కమ్మరీ కచ్చితమైన వృత్తం చేయలేడు గదా. వృత్తానికి చాలినంత దగ్గరగా ఉండి అదే పని చేస్తే అష్టభుజీ వృత్తమే. కేసు మళ్ళీ విచారణకు పోయింది.

మాట వినసొంపుగానే ఉన్నది. మనం సారం అన్నప్పుడు అది అందరిదీ. కవి దాన్ని జనం బ్రతుకు నుండి తీసుకొని జనానికే ఇస్తాడు. కోర్టు సారం అన్నప్పుడు దాని అర్థం ఆస్తి. రూపానికి హద్దు ఉన్నది, కాగితం మీద గీసి చూపవచ్చు. సారానికి హద్దు గీసేదెవరు? నేడు ఎనిమిది పలకలు, రేపు ఆరు పలకలు, ఎల్లుండి? ఈ ప్రశ్న నా సొంతం కాదు. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ కాంప్‌బెల్ ఇంచుమించు ఇదే అడిగాడు. దేశంలోని పనివాళ్ళు ఏ గిరి లోపల స్వేచ్ఛగా పని చేసుకోవచ్చునో ఎవరు చెప్పగలరన్నాడు. ఇటువంటి సడలింపు ఖర్చుతో కూడిన వ్యాజ్యాలకూ, అన్యాయపు కోరికలకూ దారితీసి శ్రమకే హాని చేస్తుందన్నాడు.

అట్లాగని మనవాళ్ళు తొందరపడి కాంప్‌బెల్‌కు దండ వేయగూడదు. ఆనాటి ఆ నలుగురు, ప్రధాన న్యాయమూర్తి టానీ, కాట్రన్, డేనియల్, కాంప్‌బెల్, నాలుగేళ్ళకు 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నీగ్రో బానిసకు పౌరహక్కు లేదన్న తీర్పు పక్షాన నిలిచినవాళ్ళే. ఆ తీర్పును ఎదిరించిన ఇద్దరిలో ఒకడు కర్టిస్! శ్రమకు హాని అని వాపోయినవాడికి బానిస శ్రమ కనిపించలేదు; బానిసలో మనిషిని చూసినవాడు వాగను దగ్గరికి వచ్చేసరికి ఆస్తిని తప్ప మరొకటి చూడలేదు. ఒక తీర్పులోని ఒక వాక్యాన్ని తెంపుకొని వచ్చి సిద్ధాంతానికి సాక్ష్యంగా నిలబెట్టేవాళ్ళు ఈ చిక్కును కూడ మోసుకు రావాలి.

ఇక ఆ వాక్యం ఎంత నమ్మకమైనదో చూడండి. మన దేశంలో 2005లో సవరించిన పేటెంటు చట్టం 3(డి) సెక్షను ప్రకారం, తెలిసిన పదార్థానికి కొత్త రూపం కల్పించినంత మాత్రాన, గుణం పెరగనిదే, అది ఆవిష్కరణ కాదు. రక్తపు కేన్సరు మందుకు కొత్త స్ఫటిక రూపం చూపి నోవార్టిస్ కంపెనీ పేటెంటు కోరింది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు కాదన్నది. అక్కడ కంపెనీ వాదమేమిటి? రూపం మారింది గనుక ఇది కొత్తది, మాది! బాల్టిమోరులో యజమాని వాదమేమిటి? రూపం మారినా సారం ఒకటే గనుక ఇదీ నాదే! రూపం ఏకమైనా దానిదే, వేరైనా దానిదే. పెట్టుబడికి సాహిత్య సిద్ధాంతం లేదు మిత్రులారా, ఆకలి ఉన్నది.

నిరుపేద ఆవిష్కర్త మాట మిగిలింది. వైనన్స్ నిరుపేద కాడు. అతని కొడుకులు జారు ప్రభుత్వం నుండి పీటర్స్‌బర్గు-మాస్కో రైలుమార్గానికి ఇంజన్లు, వాగన్లు చేసే కాంట్రాక్టులో పాలుపంచుకొని అపారంగా గడించారు. పైగా ఎనిమిది చక్రాల బండి తనదని 1834లోనే మరో పేటెంటు తీసుకొని రైలు కంపెనీల మీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిపాడు. కంపెనీలు తమ రక్షణకు వెతికి పట్టుకొచ్చినది గ్రిడ్లీ బ్రయంట్‌ను. ఇతను 1826లో మసాచుసెట్సులోని క్విన్సీలో, బంకర్‌హిల్ స్మారకానికి రాయి మోయటానికి రైలు దారి వేసినవాడు. పొడుగాటి రాతి స్తంభాలు ఒక బండి మీద ఇమడకపోతే, నాలుగు చక్రాల బండ్లు రెంటిని జతచేసి ఎనిమిది చక్రాల మీద నడిపినవాడు. పేటెంటు తీసుకోలేదు, తన ఉపాయాలను లోకానికి వదిలేశాడు. ఆ పాత బండి సాక్ష్యం వైనన్స్‌కు అడ్డుపడింది. 1850ల ఆఖరులో సుప్రీంకోర్టులో అతను ఓడిపోయాడు. కంపెనీలు గెలిచాయి. బ్రయంట్‌కు ఘనంగా ముట్టజెబుతామన్న మాటను మాత్రం నిలుపుకోలేదని అతని జీవితం రాసినవారు చెబుతారు. 1867లో అతను పేదవాడుగానే పోయాడు.

మన సింగరేణి బొగ్గును మోసే వాగన్లు కూడ ఈనాడు ఎనిమిది చక్రాల మీదనే నడుస్తున్నాయి. మిత్రులు ఈసారి సభకు వాగను తెచ్చేటప్పుడు ఒకసారి కిందికి వంగి చూడవలసిందిగా మనవి.