సోమవారం నీళ్ళు ఎవరికి?

దసరాకి మోతె పోయినప్పుడు మా చిన్నమ్మ కూతురు ఓ లావుపాటి పుస్తకం పట్టుకొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. క్లాట్ రాసి నల్సార్‌లో లా చదవాలని పట్టుదల. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ గదా, ఈ లెక్క చెప్పు" అంది.

చూశా. ఐదుగురు లాయర్లు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకరు వాదించాలి, నాలుగు షరతులు. గంట నుంచి దానితోనే కుస్తీ పడుతోందట. "ఇమ్మీడియట్లీ ప్రిసీడ్స్", "అన్‌లెస్" కింద పెన్సిల్ గీతలున్నాయి. అర్థమైంది కదా ఎక్కడ ఆగిందో?

లాయర్లని తీసేసి కాలవ నీళ్ళు పెట్టా. వారబందీలో ఐదుగురు రైతులు, రోజుకొకరి వంతు. యాదమ్మది బుధవారమే. మల్లయ్య వంతు అయిన తెల్లారే సైదులు వంతు. లింగయ్య వెంకన్న కంటే ముందు. వెంకన్నకి శుక్రవారం కుదరదు. సోమవారం నీళ్ళెవరికి?

కాగితం కూడా తీసుకోలేదండీ. "మల్లయ్య, సైదులు జంట కదా, బుధవారానికి ముందన్నా పడాలె, తర్వాతన్నా పడాలె. ముందు పడితే వెంకన్నకి శుక్రవారమే మిగులుతది. అందుకని సోమవారం లింగయ్య." అర నిమిషం పట్టిందేమో. ఐదుగురిని వరసలో పెట్టడానికి 120 దారులు. నేనైతే ఓ లూప్ రాసి అన్నీ తిప్పేసేవాణ్ణి, సిగ్గుగానే ఉంది చెప్పడానికి :) మనం బ్యాక్‌ట్రాకింగ్ అని పేరు పెట్టి ఇంటర్వ్యూల్లో అడిగేది ఇదే.

ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లకి లాజిక్ రాదా? ఇంగ్లీషు రాదా?

క్లాట్ 2008లో మొదలైన దగ్గర్నుంచీ ఇంగ్లీషులోనే ఉంది. పాత పేపర్లో కనీసం లాజిక్ ప్రశ్నలు పొట్టిగా ఉండేవి, కిందా మీదా పడి అర్థం చేసుకోవచ్చు. 2020లో పద్ధతి మార్చి అన్నిటికీ పాసేజీలు తగిలించారు. లెక్కలకి కూడా! ఇప్పుడు రెండు గంటల్లో 120 ప్రశ్నలు. బట్టీ పోయి ఆలోచన వస్తుందన్నారు. నా మటుకు నాకు అది ఇంగ్లీషు చదివే వేగానికి పెట్టిన పరుగు పందెంలా కనిపిస్తోంది.

అమెరికాలో ఎల్‌శాట్ సంగతి చూడండి. అక్కడ ఇలాంటి పజిల్స్‌కి ఒక విభాగమే ఉండేది. బొమ్మ గీసుకుంటేనే సులువుగా తెగే పజిల్స్ అవి. చూపులేని వాళ్ళు ఇది అన్యాయమని కోర్టుకెక్కారు. 2019లో రాజీ కుదిరింది, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగం ఎత్తేశారు. కొలవాల్సింది ఒకటైతే కొలుస్తున్నది ఇంకొకటని ఒప్పుకోవడానికి అక్కడ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు.

"కోర్టుల్లో ఇంగ్లీషు కావాలి కదా" అంటారు, తెలుసు. కావాలి. అందుకే ఐదేళ్ళ కోర్సు ఉంది, నేర్పండి. సూర్యాపేట కోర్టు బోనులో సాక్షి చెప్పేది తెలుగులోనే, అది సరిగ్గా వినగలిగే లాయరూ కావాలి. అయినా ఈ మాట మనమా అనేది? ఎంసెట్‌లో ప్రశ్న పక్కనే తెలుగు ఉంటే చదివి సీటు తెచ్చుకున్న వాళ్ళం మనలో ఎంతమందిమి? మొదటి క్లయింట్ కాల్లో నేను మాట్లాడింది "ఎస్", "ఓకే" రెండే. ఉద్యోగం చేస్తూ నేర్చుకోలేదా? జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయొచ్చు, నీట్ కూడా రాయొచ్చు. లాసెట్ ఎలాగూ తెలుగులో ఉంది, కానీ దాంతో నల్సార్ గేటు తెరుచుకోదు. హైదరాబాదు పక్కన శామీర్‌పేటలో ఉన్న కాలేజీకి మోతె పిల్ల తెలుగులో పరీక్ష రాయకూడదట!

అనువాదంలో తప్పులొస్తాయంటారు. నీట్‌లో వృక్షశాస్త్రం అనువదించగలిగిన వాళ్ళకి ఐదుగురు లాయర్ల వంతులు కష్టమా?

క్లాట్ ఫీజు నాలుగు వేలు కట్టేశాం. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది. లాజిక్ నేను చెప్పేదేమీ లేదు. నిన్నంతా "అన్‌లెస్" మీదే గడిచింది.