ఒక్క లాప్‌టాప్, నాలుగు మెషీన్లు

పోయిన నెల కాలమ్ చదివి డల్లాస్ నుంచి ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. పిల్లలతో ఆరేళ్లు గ్యాప్ వచ్చింది, ఇప్పుడు మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటోంది. "అక్కా, డిస్ట్రిబ్యూటెడ్ ప్రాజెక్టు ఒకటి చేసి చూపించమంటున్నారు. నా దగ్గరున్నది ఒక్క లాప్‌టాప్. క్లౌడ్‌లో మెషీన్లు తీసుకుంటే బిల్లు ఎంతొస్తుందోనని భయం."

ఒక్కటి చాలమ్మా. డాకర్‌తో అందులోనే నాలుగు కంటైనర్లు పెట్టుకుంటే, మీ ప్రోగ్రాంకి నాలుగు కంప్యూటర్లు ఉన్నట్టే. కాకపోతే నాలుగూ ఒకే వేగంతో నడిస్తే మాత్రం అది టెస్టు కాదు.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. ఒక ప్రాజెక్టులో పనిని మెషీన్లన్నిటికీ సమానంగా పంచాం. మా దగ్గర అన్నీ ఒకే మోడల్, బ్రహ్మాండంగా నడిచింది. క్లయింటు దగ్గర ఒకటి పాతది. మిగతావన్నీ పని ముగించి దాని కోసం కూర్చున్నాయి, పాట్‌లక్‌లో అన్నం తెచ్చే ఆవిడ కోసం అందరం కూర్చున్నట్టు. అంతటితో పోలేదు. ఒక్కో ముక్క పని అయ్యాకే "నేనున్నా" అని కబురు పంపేలా రాశాం. పాతదాని కబురు ఆలస్యమయ్యేసరికి అది చచ్చిపోయిందనుకుని ప్రోగ్రాం దాని పని ఇంకోదానికి ఇచ్చేసింది. చివరికి రెండూ ఫలితం రాశాయి, లెక్క రెండుసార్లు పడింది. ఆ వీకెండ్ మా ఇంట్లో వంట మావారిదే.

అందుకే ఒక కంటైనర్‌ని కావాలనే నెమ్మది చేయాలి. డాకర్‌లో సీపీయూ లిమిట్ 0.25 అని ఇవ్వొచ్చు. కానీ లోపల జరిగేది వేరు. మామూలుగా లినక్స్ ప్రతి 100 మిల్లీసెకన్లలో 25 మాత్రం ఫుల్ స్పీడులో నడవనిచ్చి, కోటా అయిపోగానే ఆపేస్తుంది. సిమ్‌లో పెట్టి వండడం వేరు, పెద్ద మంట పెట్టి మాటిమాటికీ స్టవ్ కట్టేయడం వేరు కదా! గంటసేపు సాగే లెక్కకి మొత్తం సమయం ఇంచుమించు ఒకటే వస్తుంది. అదే చిన్న కబురుకి జవాబివ్వడమైతే, కోటా అయ్యేలోపే పని అయిపోయి అసలు నెమ్మదించినట్టే ఉండదు. కోటా అయిపోయాక వచ్చిన కబురేమో ఊరికే కూర్చుంటుంది.

నిజంగా సిమ్‌లో పెట్టాలంటే ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ తగ్గించాలి. అది కొన్ని మెట్లలోనే తగ్గుతుంది, పైగా మెమరీ వేగం అలాగే ఉంటుంది. ఫ్రాన్స్‌లోని నాన్సీ పరిశోధకులు 2010 ప్రాంతంలో ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి కొలిచారు. కోర్ల మీద ఉత్తుత్తి పని చేసే ప్రోగ్రాంలను నడిపి, కావలసినంత సమయం అవే తినేసేలా చేయడం వాళ్లు చూసిన దారుల్లో ఒకటి.

ఇంటర్వ్యూ ప్రాజెక్టుకి డాకర్ లిమిట్ చాలు, దాని లోటేమిటో మీరే చెప్పగలిగితే. ఒకదానికి 1, ఇంకోదానికి 0.5, మరోదానికి 0.25 ఇవ్వండి. అన్నీ కలిపినా లాప్‌టాప్‌లో ఉన్న కోర్లు దాటకూడదు, బ్రౌజర్‌కీ కాస్త మిగలాలి. ఛార్జర్ తీయకండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వాటంతటవే వేగం తగ్గించుకుంటాయి. వేడెక్కినా అంతే. అందుకే ఒక్కసారి చూసి నమ్మకుండా, నాలుగైదు సార్లు నడిపి టైము రాసుకోండి.

నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ వచ్చింది. 0.25 ఇచ్చిన కంటైనర్ మూడుసార్లు "చచ్చిపోయిందట". టైమౌట్ పెంచాలా, పనిని చిన్న ముక్కలు చేయాలా అని అడిగింది. ముందు ముక్కలు చిన్నవి చేసి చూడమన్నాను.