నేలకు సిమెంటు వెయ్యాలా, బండిని పైకి ఎత్తాలా?

మన హాస్టళ్ళ వెనకనున్న ఖాళీ స్థలంలో మూడోవంతు చదును చేసి, సిమెంటు వేసి, రిమోట్ కార్లకు నున్నటి ట్రాక్ కట్టించాలన్న ప్రతిపాదన యూనియన్ జనరల్ బాడీ ముందుకు రాబోతున్నదని అందరికీ తెలుసు. దానిమీద సంతకాలు చేసిన పద్దెనిమిది మందిలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. మాట తప్పాడని మిత్రులు అనుకోకుండా, ఎందుకో చెప్పుకునేందుకే ఈ నాలుగు మాటలు.

ఈ సరదా తెలియనివారి కోసం ముందు బండి సంగతి చెప్పాలి. ముగ్గురం డబ్బు కలిపి కొన్నది జపాన్‌లోని షిజువొకా నగరంలో వున్న తమియా కంపెనీ వారి టీటీ-02. 2013లో వచ్చిన నమూనా. అసలు కారులో పదోవంతు. ముందొక గేరుపెట్టె, వెనకొక గేరుపెట్టె, రెంటినీ కలుపుతూ నడుమ పొడవాటి షాఫ్టు. నాలుగు చక్రాలూ లాగుతాయి. చాసిస్ అంతా మూతలేని ప్లాస్టిక్ తొట్టి. దీన్ని టూరింగ్ కారు అంటారు. అంటే నున్నటి రోడ్డుమీద పరుగెత్తడానికి పుట్టింది. సిమెంటు మీద నడిపేవాళ్ళు దీని కడుపును నేలకు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తులోనే వుంచుతారు.

మన స్థలంలో వున్నదేమిటి? ఎర్రమట్టి, కంకర, తుమ్మముళ్ళు. మా వాళ్ళ వాదన అక్కడినుంచే మొదలైంది. లెక్క వాళ్ళవైపే వుంది కూడా. 20 మిల్లీమీటర్ల కంకరరాయి మనకు గులకరాయే. పదోవంతు బండికి అది జానెడు ఎత్తు బండ. మొదటిరోజు మా కారు పది గజాలు పోయి కడుపుమీద కూర్చుంది, చక్రాలు గాలిలో తిరిగాయి. ఆ సాయంత్రమే ట్రాక్ ఆలోచన పుట్టింది. సంతకాల కాగితం మర్నాటికి తయారు.

అయితే, అసలు ర్యాలీ కార్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది మాలో ఎవరికీ ఆరోజు తట్టలేదు. ర్యాలీ అంటేనే రోడ్డుమీద తిరిగే కారును మట్టిలోకి దించడం. 1987లో ప్రపంచ ర్యాలీల్లో ముఖ్యమైన గ్రూప్ ఏ తరగతికి నియమం ఏమిటంటే, ఏడాదికి 5000 కార్లు తయారుచేసిన నమూనాయే పోటీకి అర్హం. ఆ నియమం కింద ఇటలీ వారి లాన్సియా డెల్టా 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరుసార్లు తయారీదార్ల టైటిల్ గెల్చుకుంది. అది ఆఫీసుకు వెళ్ళివచ్చే మామూలు నాలుగు తలుపుల బండి ఆకారమే. మాంటీకార్లోలో తారు, మంచు. కెన్యా సఫారీలో దుమ్ము, గోతులు. అక్కడి ప్రభుత్వం వీళ్ళకోసం రోడ్లు వెయ్యలేదు. వీళ్ళే కారు ఎత్తు పెంచుకుని, ముందు ఇనుపకడ్డీలు బిగించుకుని వెళ్ళారు. అంతదూరం ఎందుకు, మన గౌరవ్ గిల్ 2013, 2016, 2017లలో ఆసియా పసిఫిక్ ర్యాలీ చాంపియన్‌షిప్ సాధించింది స్కోడా ఫాబియాతో. సంసారపక్షం కారు పేరే అది.

బొమ్మకార్ల చరిత్రలోనూ చిత్రమేమిటంటే, తమియావారు 1990లో తెచ్చిన మాంటా రే అనే మట్టిబండి గేరుపెట్టెలే తర్వాత టీఏ-01 అనే వారి రోడ్డు కారులోకి వచ్చాయి. మట్టిలోంచి రోడ్డెక్కిన వంశాన్ని మళ్ళీ మట్టిలోకి దింపడానికి మనం ఇంత జంకడమెందుకు?

జంకు పోగొట్టుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. మొదట అందరూ చేసే తప్పే చేశాను. షాక్ అబ్సార్బర్లలో స్ప్రింగు మీద ప్లాస్టిక్ బిళ్ళలు పేర్చి బండిని పైకి లేపాను. చూడ్డానికి జీపులా వుంది. నడిపితే గంతులేసే మేకపిల్ల. కారణం తర్వాత బోధపడింది. రాయెక్కినప్పుడు చక్రం పైకి లేవడం ఎంత అవసరమో, గోతి వచ్చినప్పుడు కిందికి జారడమూ అంతే అవసరం. బిళ్ళలు పేరిస్తే స్ప్రింగు బిగిసి, చక్రం ముందే కిందికంటా దిగిపోయి వుంటుంది. ఇక గోతిలోకి దిగడానికి దానికి చోటెక్కడిది? పైగా పెట్టెతో వచ్చే అబ్సార్బర్లలో నూనె వుండదు, ప్లాస్టిక్కును ప్లాస్టిక్కు రాసుకోవడమే. వాటిని తీసేసి, కాస్త పొడవైన నూనె అబ్సార్బర్లూ, మెత్తటి స్ప్రింగులూ, పలచటి నూనే వేశాక బండి నేలను పట్టుకోవడం నేర్చింది.

దాంతోపాటు ఇంకో చిక్కు. చక్రానికి శక్తి అందించే చిన్న ఇరుసును డాగ్‌బోన్ అంటారు. కుక్క కొరికే బొమికలాగే వుంటుంది. చక్రం మరీ కిందికి జారితే అది గూట్లోంచి ఊడి పడుతుంది. నాది పడింది. టార్చి వేసుకుని గంటసేపు గడ్డిలో వెతికాను. మర్నాడు మెస్సులో వంటచేసే ఆయన కొడుకు వచ్చి, “అన్నా, ఈ మేకు మీదేనా?” అని చేతిలో పెట్టాడు. క్రికెట్ ఆడుతుంటే కాలికి తగిలిందట. అబ్సార్బరు లోపలి కడ్డీకి కరెంటు వైరు మీది తొడుగు ముక్క ఒకటి తొడిగితే చక్రం అంతకంటే దిగదు. ఆ తర్వాత మళ్ళీ పడలేదు.

ఎత్తు ఎంత పెంచాలన్న దాంట్లో అత్యాశ పనికిరాదు. నేను 12 మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. 18 దాకా పెంచి చూస్తే ప్రతి మలుపులోనూ పల్టీ. చక్రాల మధ్య వెడల్పు పెరగలేదు, బరువు మాత్రం పైకెక్కింది, మరి పల్టీ కొట్టక ఏం చేస్తుంది? టైర్లు కూడా అంతే. మట్టిబండి పెద్ద టైర్లు వేస్తే బాడీకి రాసుకోవడం అటుంచి, మోటారు సెగలు కక్కుతుంది. గడుల ర్యాలీ టైర్లే చాలు. లోపల గాలి కాదు, స్పాంజి వుంటుంది గనక తుమ్మముళ్ళకు వాటిని ఏంచేసే శక్తీ లేదు. మోటారు మీది పినియనుకు రెండు మూడు పళ్ళు తగ్గించాను. వేగం తగ్గింది, ఎక్కుడు పెరిగింది. ముందు డిఫరెన్షియల్‌లో చిక్కటి గ్రీజు దట్టించాను. లేకపోతే గాలిలో లేచిన చక్రమే ఊరికే తిరిగి, నేలమీది చక్రం సోమరిగా వుండిపోతుంది.

డబ్బు ఖర్చుపెట్టవలసిన చోటు ఒక్కటే వుందంటే అది బేరింగులు. పెట్టెతో వచ్చే బుష్షుల్లోకి ఇసుక దూరితే ఇరుసును ఆకురాయిలా అరగదీస్తుంది. రబ్బరు మూత వున్న బాల్ బేరింగులు వేసుకోవాలి. మిగతావన్నీ మన గదుల్లో దొరికేవే. తొట్టిలో రాళ్ళు పడకుండా ప్లాస్టిక్ ఫైలు అట్ట కోసి మూత వేశాను. మొదట మోటారును కూడా కప్పేసి దాదాపు కాల్చినంత పని చేశాను, తర్వాత దానిమీద మాత్రం కిటికీ తెరిచాను. రిసీవరుకు పుట్టినరోజు బుడగ తొడిగాను. పలచటి బాడీ పగలకుండా లోపలివైపు గాజుగుడ్డ పరిచి, చెప్పులు అతికించే జిగురు రాశాను. ఇది మా మామ్మ కుండకు గుడ్డ అతికించిన పద్ధతే.

ఎదుటి పక్షానికి న్యాయం చెయ్యాలి. నున్నటి ట్రాక్ మీద చుట్టు చుట్టుకీ కాలం కొలవవచ్చు. చేసిన మార్పు మంచిదో చెడ్డదో సెకన్లలో తేలుతుంది. మట్టిలో నిన్నటి గుంట ఇవాళ వుండదు, కొలత కష్టం. భాగాలూ ఎక్కువ విరుగుతాయి. “అయితే ఏకంగా మట్టిబండి కొనరాదా, లేదా 2012లో తమియావారే ర్యాలీ కోసం తెచ్చిన ఎక్స్‌వీ-01 లాంటిది వెతకరాదా?” అన్నాడు నా గది మిత్రుడు. కొనవచ్చు. కాని కొన్నవాడికి, చక్రం కిందికి ఎందుకు జారాలో తెలుసుకోవలసిన అగత్యం వుండదు. వాహనాల సస్పెన్షన్ పాఠం నేను పరీక్షలో రెండుసార్లు రాశాను. అర్థమైంది మాత్రం ఆ వైరు తొడుగు ముక్క కోసేటప్పుడే.

ట్రాక్ అంచనా కాగితం చూశాను. అంకె ఇక్కడ రాయను, జనరల్ బాడీలో చదువుతారు. అందులో చిన్న వాటాతో వర్క్‌షాపులో ఒక బల్ల, ఒక సొరుగు నిండా బేరింగులూ, నూనే, నాలుగు జతల అబ్సార్బర్లూ పెట్టుకోవచ్చు. సిమెంటు ఒకసారి వేస్తే తీసేవాళ్ళుండరు. ఆ మూడోవంతులోనే మెస్సు పిల్లల పిచ్ వుంది. సంతకాలు చేసేటప్పుడు వాళ్ళను అడగాలని మా పద్దెనిమిది మందిలో ఒక్కరికీ తోచలేదు. నాకు తోచింది కూడా, ఆ కుర్రాడు డాగ్‌బోన్ తెచ్చి ఇచ్చిన తర్వాతనే.

జనరల్ బాడీకి ముందు శనివారం సాయంత్రం అయిదింటికి వేపచెట్టు దగ్గరకు బండి తెస్తాను. మిగతా పదిహేడు మందీ రండి, ట్రాన్స్‌మిటరు మీ చేతికే ఇస్తాను. బేటరీ ఒక్కటే వుంది గనక మనిషికి రెండే చుట్లు.