ఒక్కసారి చూచిన నేమి?

"ఇది పొగ కాదు, ఆవిరి మాత్రమే, ఒక్కసారి చూచిన నేమి?" అని మన యౌవనస్థులను మరులుగొల్పువారున్నారు. సహోదరులారా, ఆ మాటకు లోబడక ముందు ఒకింత ఆలోచింపుడి.

ఈ-సిగరెట్టులో ఆకు కాలదు. ద్రవము బ్యాటరీ వేడికి ఆవిరియగును. అయితే ఆ ద్రవములో సామాన్యముగా నికోటిన్ ఉండును. మనుష్యుని బీడీకి కట్టివేయు త్రాడు అదియే. త్రాడు రంగు మారినంత మాత్రమున కట్టు విడిపోవునా?

న్యాయముగా చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఇంగ్లండులో పొగ మానగోరిన 886 మందిని పరీక్షించి 2019లో ఫలితములు ప్రకటించిరి. ఏడాది తరువాత ఈ-సిగరెట్టు పుచ్చుకొన్నవారిలో 100కి 18 మంది, నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ము వంటివి వాడినవారిలో సుమారు 10 మంది సిగరెట్టు మానియుండిరి. ఇది నిజము, దాచనక్కరలేదు. గాని అట్లు ఈ-సిగరెట్టుతో మానినవారిలో 100కి 80 మంది అప్పటికిని దానిని పీల్చుచునే యుండిరి! ఒక యజమానుని విడిచి మరియొకని కొలువులో చేరిరన్నమాట.

పొగ యెరుగని పిల్లవాని సంగతి వేరు. అమెరికాలో 17,000 మందికి పైగా పడుచువారిని గూర్చిన తొమ్మిది పరిశోధనలను 2017లో కలిపి చూడగా, ఈ-సిగరెట్టు రుచి చూచినవారిలో 100కి 30 మంది, చూడనివారిలో 8 మంది తరువాత సిగరెట్టు మొదలుపెట్టిరి. "తెగించు పిల్లలు రెండును ముట్టుదురు, ఇందులో ఆవిరి తప్పేమి?" అని కొందరందురు. ఆ స్వభావ భేదములను లెక్కలోనికి తీసికొన్నను తేడా పోలేదు. తెగించువాని చేతికే నికోటిన్ ఇచ్చుట ఏమి వివేకము?

2019లో మన ప్రభుత్వము దీని తయారీని, అమ్మకమును నిషేధించెను. మొదటి తప్పుకు ఏడాది వరకు చెర, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. మంచిదే. అంతటితో మన పని తీరెనా? నేరేడుచర్లలో గాని, కాలువ క్రింది ఏ పల్లెలో గాని బీడీకి నిషేధము లేదు. 18 ఏండ్లు నిండనివారికి, బడికి 100 గజముల లోపల, పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టమున్నది. దానిని కాపాడవలసినవారము మనమే.

తండ్రులారా, బీడీకట్ట తెమ్మని కుమారుని అంగడికి పంపుచు, ఆవిరి ముట్టకుమని వానికెట్లు బుద్ధి చెప్పుదురు? మానగోరువారు 1800-11-2356 నంబరుకు ఫోను చేసిన ఉచితముగా సలహా దొరకును. ముందు మీరు మానుడి. పిమ్మట వాడు మీ మాట వినును.