రంగస్థల పూర్వీకుల పేర్లకు ఒక సూచిక కావాలి

నాటకాల్లో పనిచేసిన పూర్వీకుల జాడ తీయడంలో మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. హ్యాండ్‌బిల్లులో పాత్ర పేరు, నటుడి పేరు ఉంటాయి. తండ్రి పేరు, ఊరు ఉండవు. నాయక పాత్రధారి పేరు పెద్దక్షరాల్లో పడుతుంది. తబలా వాయించినవారు, తెరలు రాసినవారు, దుస్తులు కుట్టినవారు చాలాసార్లు ఆ కాగితం మీదికే ఎక్కరు. హైదరాబాద్ పాతబస్తీలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఇక్కడి నాటకానికి ఒక భాష లేదు, ఒక లిపీ లేదు.

బొంబాయి పార్సీల విక్టోరియా నాటక కంపెనీ 1872లోనే హైదరాబాద్ వచ్చింది. ఆ తర్వాతి కాలంలో ఉర్దూ నాటకం, తెలుగు పద్యనాటకం, మరాఠీ సంగీత నాటకం ఈ నగరంలో పక్కపక్కనే సాగాయి. 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన ‘అద్రక్ కే పంజే’ దక్కనీ నుడికారాన్ని దేశదేశాలు తిప్పింది.

సురభి సంగతి ఈ వెతుకులాటకు మంచి పాఠం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’ ఆడిన కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాడించినవి. వనారస, రేకందార్, సిందే వంటి ఇంటిపేర్లు వాళ్లవి. బయట మాత్రం ఊరి పేరే ఇంటిపేరైపోయింది. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో నటించిన కమలాబాయిని లోకం సురభి కమలాబాయిగానే ఎరుగును. రేకందార్ అని వెతికేవారికి సురభి అన్న కాగితం దొరకదు, సురభి అని వెతికేవారికి బడి రిజిస్టరు దొరకదు. రెంటినీ కలిపే పట్టిక ఒకటుండాలి.

ఆ పట్టికకు కావలసిన సరుకు చెల్లాచెదురుగా ఉంది. ఆసఫ్‌జాహీ కాలపు దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో పుట్టింది. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. నాటక ప్రకటనల కోసం తిరగేయవలసిన పాత పత్రికలకు ఈ రెండే మొదటి మెట్లు. ముస్లిం కుటుంబాల విషయంలో ఖాజీల నికాహ్ రిజిస్టర్లు అన్నిటికన్నా విలువైనవి. హ్యాండ్‌బిల్లు చెప్పని తండ్రి పేరు అక్కడ ఉంటుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ముంచిన ఇళ్లతో పాటు పోయిన కాగితాలు ఇక తిరిగిరావు కాబట్టి, ఉన్నవాటి విలువ ఇంకా ఎక్కువ.

తేదీ చదవడమూ ఒక విద్యే. నిజాం సర్కారు కాగితం మీద ఫసలీ లెక్కలో ఏడాది 1345, నెల ఆజుర్ అని ఉంటే అది 1935 అక్టోబరులో మొదలైన నెల. ఇంగ్లీషు ఏడాది రావాలంటే ఫసలీ ఏడాది మొదటి నెలలకు 590 కలపాలి, జనవరి నుంచి 591. ఈ ఒక్క అంకె తప్పితే తాత పుట్టకముందే వేషం కట్టినట్టు తేలుతుంది.

జరగవలసిన పని ఇదీ. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో ప్రభుత్వం రంగస్థల విభాగం ఒకటి తెరవాలి. నయాపుల్ దాటితే చేరుకునే చోటది. పాతబస్తీ పెద్దవాళ్లు తార్నాక దాకా వెళ్లనక్కరలేదు. షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగల ఉర్దూ, ఫార్సీ గుమాస్తా, తెలుగు, మరాఠీ వచ్చిన మరొకరు అక్కడ కూర్చోవాలి. సూచికలో అసలు పేరు, రంగస్థల నామం, పాత్ర, సమాజం, ఊరు, తేదీ విడివిడి గళ్లలో ఎక్కాలి. హార్మోనిస్టుకూ మేకప్ మనిషికీ నాటక కాంట్రాక్టరుకూ నటుడితో సమానంగా ఒక్కో వరుస ఉండాలి. కుటుంబాలు తెచ్చే ఫొటోలు, కంట్రాక్టు కాగితాలు, జీతాల పద్దులు వాళ్ల ఎదుటే స్కాన్ చేసి, అప్పటికప్పుడే తిరిగి ఇచ్చెయ్యాలి. అసలు కాగితం చేతులు మారుతుందన్న భయం ఉన్నంతకాలం పెట్టెలు తెరుచుకోవు. ఆ భయం అన్యాయమైనదీ కాదు.

ఆడవాళ్ల పేర్ల దగ్గర తొందర పనికిరాదు. వేదికెక్కి పాడిన, ఆడిన స్త్రీని లోకం గౌరవంగా చూడని రోజుల్లో ఎన్నో కుటుంబాలు ఆ పేరునే మింగేశాయి. ఆ పేరు సూచికలో బయటపెట్టాలా, కొన్నేళ్లు మూసి ఉంచాలా అన్నది వారసులు రాసిచ్చిన ప్రకారమే జరగాలి. మూసి ఉంచిన పేరు మీద గడువు తేదీ వెయ్యాలి. ఆ గడువు తీరేదాకా గుమాస్తా అయినా, పరిశోధకుడైనా దాన్ని తెరవకూడదు.